పొగ పరీక్ష

బొగ్గుబస్సు అని ఈ కాలం పిల్లలతో అంటే, బొగ్గు మోసే లారీ కామోసు అనుకుంటారు. పక్కనే సింగరేణి గనులున్న మా వైరా పిల్లలయితే మరీను. కాదర్రా, బొగ్గు తిని నడిచే బస్సు అంటే నమ్మరు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలుకి కటకట వచ్చింది. ఉన్న కాస్తా సైన్యానికి పోగా, మిగిలింది బస్సులకి రేషను మీద కొలిచి పోసేవారు. అప్పుడు మద్రాసు రాజధానిలోని మన తెలుగు జిల్లాలలో బస్సుల వీపున పెద్ద ఇనప పీపా ఒకటి తగిలించారు. అందులో కట్టెబొగ్గు నింపి, నిప్పు రాజేసి, గాలి చాలీచాలకుండా ఆడనిస్తే ఒక వాయువు పుడుతుంది. ఆ వాయువుని ఇంజనులోకి పంపితే బండి నడుస్తుంది. నడుస్తుందని మర్యాదకి అనడమే గాని, పాకుతుంది.

మా అమ్మమ్మ పుట్టిల్లు కృష్ణాజిల్లా. వైరా నుంచి దక్షిణంగా మధిర దాటితే ఆ రోజుల్లో ఆ జిల్లాయే. బస్సు బయల్దేరే వేళకి చాలా ముందుగానే క్లీనరు కుర్రాడు పీపా దగ్గర చేరి చక్రం తిప్పుతూ ఉండేవాడట, మనం కుంపటి ముందు కూచుని విసనకర్ర విసిరినట్టు. పీపా సరిగ్గా రాజుకునేదాకా డ్రైవరు విసుక్కున్నా, ప్రయాణీకులు గోలపెట్టినా బండి కదిలేది కాదు. ఎత్తు వస్తే మగవాళ్ళందరూ దిగి తోసేవారు. "బస్సుకి టిక్కెట్టు కొనుక్కుని బస్సునే మోశాం" అని నవ్వేది అమ్మమ్మ.

ఇంతకీ ఆ బస్సు తిన్న వాయువేమిటో తెలుసా? అందులో మండే సరుకు ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడు. ఈనాడు మీ కారు పొగగొట్టంలో ఒక సన్నపు గొట్టం దూర్చి, నూటికి 0.3 పాళ్ళు మించిందా లేదా అని కొలిచి, మించితే కాగితం ఇవ్వమంటారే, ఆ వాయువే ఆనాడు బస్సుకి భోజనం! కంటికి కనిపించదు, ముక్కుకి తెలియదు. తలుపులేసుకున్న గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవకపోవడం దాని పనే.

ఇటు నైజాం వైపు సంగతి వేరు. 1932 జూన్ 15న నైజాం రాష్ట్ర రైల్వే వాళ్ళు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టారు. ఆర్టీసీకి అదే ముత్తవ్వ. ఆ బస్సుల నంబర్లలో చేరిన జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరులోదని చెప్పుకుంటారు. కొడుకు తల్లి పేరున కట్టిన గుళ్ళూ సత్రాలూ చూశాం గాని, తల్లి పేరు పల్లెపల్లెకీ తిరిగి రావడం మాత్రం ఇక్కడే. మా వైరా చెరువు, అదే రిజర్వాయరు, కట్టింది కూడా ఆ కాలంలోనే, 1930 ప్రాంతంలో. చెరువుకి నీళ్ళు ఎంత వచ్చిందీ కొలిచే కర్ర అప్పుడే ఉంది. బండి పొగ ఎంత వచ్చిందీ కొలవడం మాత్రం ఎవరికీ తట్టలేదు.

1939 నాటి మోటారు వాహనాల చట్టంలో పొగ మాట లేకపోలేదు. పొగ, కంటికి కనిపించే ఆవిరి, నిప్పురవ్వలు, బూడిద, నూనె, ఇవి అతిగా వదలకుండా ప్రభుత్వాలు నిబంధనలు చేసుకోవచ్చు అంది. చూశారూ, కంటికి కనిపించేది! అంటే కన్నే కొలత. పోలీసు నిలబడి చూడాలి. నల్లగా కనిపిస్తే తప్పు, కనిపించకపోతే తప్పు లేదు. మన వంటిళ్ళలో కూడా అదే లెక్క కదా. కళ్ళవెంట నీళ్ళు కారితే పొగ, లేకపోతే లేదు.

ఈ కన్ను లెక్క తప్పని తేల్చింది మాత్రం సముద్రాలకవతల, లాస్ ఏంజిలిస్ నగరం.

1943 జూలై 26న ఆ ఊరిమీద ఒక పొగమంచు లాంటిది దిగింది. కళ్ళు మంట, గొంతులో గరగర. యుద్ధరోజులు కనక, జపానువాళ్ళు విషవాయువు వదిలారేమోనని కూడా జనం హడలిపోయారు. ఊళ్ళో కృత్రిమ రబ్బరు సరుకు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటుంటే, నేరం దాని మీద పెట్టి మూయించారు. పొగ పోలేదు. ఎవరి పెరట్లో వాళ్ళు చెత్త తగలబెట్టుకునే పొయ్యిల మీద పడ్డారు, 1957లో వాటినీ ఆర్పించారు. అయినా పోలేదు.

అసలు దొంగని పట్టుకున్నది ఒక అనాసపండు పండితుడు. ఆరీ హాగెన్ స్మిట్ అని, హాలెండులో పుట్టి, ఆ ఊరి పక్కనే పాసడీనాలో ఉన్న కాల్‌టెక్‌లో పనిచేసే జీవరసాయన శాస్త్రవేత్త. అనాసకి ఆ ఘుమఘుమ ఎక్కణ్ణించి వస్తుందో పరిశోధిస్తున్నాడు పాపం. పరిమళాన్ని గాలిలోంచి పట్టి సీసాలో పెట్టగలవాడివి, ఈ కంపునీ పట్టరాదూ అన్నారు ఊరివాళ్ళు. పట్టాడు. మోటారు బళ్ళలోంచీ చమురు కర్మాగారాల్లోంచీ వచ్చే ఆవిర్లు, బళ్ళ గొట్టాల్లోంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడులు, వీటి మీద ఎండ పడితే ఓజోన్ పుడుతుందని 1950ల మొదట్లో తేల్చాడు. రబ్బరు ముక్కలు సాగదీసి ఆ గాలిలో ఉంచితే పగుళ్ళిచ్చాయి. రబ్బరే పగిలితే మనుషుల ఊపిరితిత్తులెంత? అందులో విడ్డూరమేమంటే, పొగగొట్టంలోంచి బయటికొచ్చేటప్పుడు ఆ ఆవిర్లు చాలావరకు కనిపించనే కనిపించవు. అంటే, పోలీసు కంటికి నిర్దోషిగా కనిపించిన బండే అసలు దోషి.

కార్ల కంపెనీలు సులువుగా ఒప్పుకున్నాయా? ఒప్పుకోలేదు. అప్పుడు రంగంలోకి దిగినవాళ్ళలో ఆడవాళ్ళున్నారు. బెవర్లీ హిల్స్ గృహిణులు 1958లో ఒక సంఘం పెట్టారు. పొగమంచుని తుదముట్టించండి అని దాని పేరుకి అర్థం. పిల్లలు దగ్గుతుంటే నిద్రపట్టని తల్లులు ఆఫీసుల చుట్టూ తిరిగి, వందల సంఘాలని కూడగట్టి, విచారణలకి హాజరై, శాసనసభ్యులకి ఊపిరాడనివ్వకుండా చేశారు. చరిత్ర పుస్తకాలలో హాగెన్ స్మిట్‌కి బొమ్మ వేస్తారు, వీళ్ళకి ఒక పంక్తి కూడా వెయ్యరు. 1967లో కాలిఫోర్నియాలో గాలి వనరుల బోర్డు పుట్టింది. దానికి మొదటి అధ్యక్షుడు ఆ అనాసపండు పండితుడే.

ఆడవాళ్ళ మాటొచ్చింది కనక ఇంకొకావిణ్ణి తలుచుకోకుండా ముందుకి పోలేను. ఇంజను టకటకలాడకుండా మెత్తగా నడవాలని 1920లలో అమెరికాలో పెట్రోలులో సీసం కలపడం మొదలుపెట్టారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో అధ్యాపక పదవి పొందిన మొదటి మహిళ డాక్టర్ ఆలిస్ హామిల్టన్. కార్మికుల ఒంట్లో సీసం ఏం చేస్తుందో ఆవిడకి తెలుసు. 1925లో ప్రభుత్వం పిలిచిన సభలోనే, వద్దు, ఇది విషం అంది. విన్నారా? ఎవరు వింటారు! ఆవిడ మాట ప్రపంచమంతా ఒప్పుకోవడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. మన దేశంలో సీసం పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరిలో ఆగింది. అన్నిటికన్నా ఆఖరుగా ఆపిన దేశం అల్జీరియా, 2021లో.

సీసం పోవడానికి కారణం మన పిల్లల మెదళ్ళ మీద జాలే అనుకునేరు. సగం కారణం కాటలిటిక్ కన్వర్టర్. అమెరికాలో 1975 మోడలు కార్ల నుంచి పొగగొట్టం మధ్యలో ఒక డబ్బా పెట్టడం మొదలయింది. లోపల తేనెపట్టు లాంటి గూడు, దాని గోడలకి ప్లాటినం, పెలేడియం, రోడియం పూత. విషవాయువులు ఆ గూట్లోంచి పోతూ పోతూ చాలావరకు నీటి ఆవిరిగా, బొగ్గుపులుసు గాలిగా, నైట్రోజనుగా మారిపోతాయి. సీసం తగిలిందా, ఆ పూత చచ్చిపోతుంది. మన దగ్గర 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాలలో అమ్మే కొత్త పెట్రోలు కార్లకి ఈ డబ్బా తప్పనిసరి అయింది. మా మెడలో ఆవగింజంత ప్లాటినం లేదు గాని, మావారి కారు పొట్టకింద ఉందట! అందుకే దొంగలు కారుని వదిలేసి ఆ డబ్బాని మాత్రం కోసుకుపోతుంటారు.

మన చట్టానికి కొలత వచ్చింది 1988 మోటారు వాహనాల చట్టంతోనూ, దాని వెంట 1989లో వచ్చిన కేంద్ర నిబంధనలతోనూ. పొల్యూషన్ సర్టిఫికెట్ అని మనం ముద్దుగా పిలుచుకునే కాగితం వాటి సంతానమే. కొత్త బండికి ఏడాది దాకా అక్కర్లేదు. ఆ తరవాత పాతరకం బళ్ళకి ఆర్నెల్లకోసారి, బీఎస్ 4 నుంచి ఇటు వచ్చినవాటికి ఏడాదికోసారి. 2000 సంవత్సరానికి ముందు తయారైన పెట్రోలు కారుకి కార్బన్ మోనాక్సైడు నూటికి 3 పాళ్ళ దాకా చెల్లుతుంది. బీఎస్ 4 కారుకి వచ్చేసరికి ఆ మూడు కాస్తా 0.3 అయింది. అంటే పదోవంతు. డీజిల్ బండికయితే యాక్సిలరేటరు అదిమి తొక్కించి, ఆ పొగలోంచి వెలుతురు పంపి, ఎంత వెలుతురు ఆగిపోయిందో చూస్తారు.

బాగానే ఉంది. కాని ఆ రోజుల్లో బళ్ళు తాగిందేమిటి? నా చిన్నప్పుడు నీలంరంగు కిరసనాయిలు కోసం డబ్బా పట్టుకుని రేషను షాపు ముందు గంటలకొద్దీ నిలబడేవాళ్ళం. మన వంతు వచ్చేసరికి స్టాకు లేదనేవాడు. ఆ స్టాకు ఆటోల ట్యాంకుల్లోకీ, లారీల ట్యాంకుల్లోకీ పోయేదని ఊరందరికీ తెలుసు. చవక సరుకు కదా, పెట్రోలులోనూ డీజిల్లోనూ కలిపి లాభం చేసుకునేవాళ్ళు. మన పొయ్యి వెలగక, మన వీధిలో పొగ! రెండు నష్టాలూ ఆడదానికే. పరీక్ష రోజున మాత్రం ఆటోవాడు మంచి పెట్రోలు పోయించి, కార్బురేటరు కాస్త తిప్పించి, కాగితం తెచ్చుకుని, మర్నాడు మళ్ళీ మామూలే. ఇంకొందరు బండి తేకుండానే నంబరు చెప్పి కాగితం తెచ్చుకునేవారు. నంబరు ప్లేటు ఫోటో తీసి కంప్యూటర్లో ఎక్కించే పద్ధతి వచ్చింది ఆ బాధ పడలేకే.

సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో, ఈ కాగితం లేనిదే బండికి బీమా చెయ్యవద్దంది. దాంతో బీమాయే లేని బళ్ళు ఎక్కువైపోతాయన్న వాదన వచ్చి, 2024 జూలైలో ఆ షరతు తీసేసింది. 2019లో సవరించిన కేంద్ర చట్టం జరిమానాని 10,000 రూపాయల దాకా పెంచింది. కొరడా పొడుగు పెరుగుతూనే ఉంది. కాని గొట్టం దగ్గర కొలిచే పరీక్షకి ఒక పుట్టులోపం ఉంది. అది ఆ ఒక్క నిమిషం సంగతే చెబుతుంది. పెళ్ళిచూపుల నాడు పిల్లా పిల్లాడూ ఎంత బుద్ధిగా ఉంటారు! కాపురం సంగతి పెళ్ళిచూపుల్లో తెలుస్తుందా?

ఈ ప్రశ్నకి కాలిఫోర్నియావాళ్ళు చెప్పిన జవాబు నాకు భలే నచ్చింది. అక్కడ 1984 నుంచి బళ్ళకి పొగపరీక్ష ఉంది, రెండేళ్ళకోసారి. వాళ్ళకీ మన ఆటోవాళ్ళ లాంటి బుద్ధిమంతులు తగిలే ఉంటారు. అప్పుడు బండి లోపలే ఒక చిన్న కంప్యూటరు పెట్టి, పొగ సంగతి రోజూ దాన్నే కనిపెట్టుకుని ఉండమన్నారు. 1988 మోడళ్ళ నుంచి మొదటి రకం. 1996 మోడలు నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ రెండో రకం, ఓబీడీ 2. ఏదైనా తేడా వస్తే డ్రైవరు ముందు ఇంజను బొమ్మ ఉన్న పసుపుపచ్చ దీపం వెలుగుతుంది. తప్పేమిటో ఒక సంకేతంగా లోపల రాసిపెడుతుంది.

ఈ కనిపెట్టే పనులకి పెట్టిన పేరు వినండి, మానిటర్లు. మన బళ్ళో క్లాసు మానిటరు ఉండేది గుర్తుందా? పంతులమ్మ బయటికెళితే, అల్లరి చేసినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసేది. అచ్చం అదే. ఇంజను సరిగ్గా మండుతోందా అని చూసే మానిటరు ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది. కన్వర్టరు పనిచేస్తోందా, ఆక్సిజన్ సెన్సార్లు సరిగా ఉన్నాయా, ట్యాంకులోంచి పెట్రోలు ఆవిరి కారుతోందా అని చూసేవి మాత్రం తమకి తగిన వేళ వస్తేనే చూస్తాయి.

మరి పేరు రాసిన అల్లరిపిల్ల ఊరుకుంటుందా? పంతులమ్మ వచ్చేలోపల బోర్డు తుడిచేస్తుంది. కార్లకీ అదే జరిగింది. పరీక్షకి ముందు బ్యాటరీ తీగ ఒకసారి పీకి పెడితే చాలు, చాలా బళ్ళలో రాసిందంతా చెరిగిపోయేది, దీపం ఆరిపోయేది. బోర్డు శుభ్రంగా ఉంది. అల్లరే జరగలేదా, ఎవరైనా తుడిచేశారా? ఎలా తెలియడం? అందుకని ఇంకో ఏర్పాటు చేశారు. తుడిచినప్పుడల్లా ప్రతి మానిటరు ముందూ 'ఇంకా తయారు కాలేదు' అని పడుతుంది. అది తన పరీక్ష తను పూర్తిచేసుకుంటేనే 'తయారు' అవుతుంది. పీరియడంతా కూచున్నాక ఖాళీగా ఉన్న బోర్డుకీ, ఇప్పుడే తుడిచిన బోర్డుకీ తేడా అక్కడ దొరికిపోతుంది.

దొంగలకి వేసిన ఈ వలలో దొరలు కూడా చిక్కుకుంటారు. మా అక్క కూతురు కాలిఫోర్నియాలో సనీవేల్‌లో ఉంటుంది. కారులో పసుపు దీపం వెలిగింది. రిజిస్ట్రేషను గడువు దగ్గరపడింది. షెడ్డువాడు ఆక్సిజన్ సెన్సారు మార్చి, సంకేతాలు చెరిపి, దీపం ఆర్పి ఇచ్చాడు. మర్నాడు పొద్దున్నే పరీక్షకి తీసుకెళితే, పనికిరాదు పొమ్మన్నారు. నాకు ఫోను చేసి ఒకటే గొడవ.

"పిన్నీ, దీపం ఆరిపోయింది, బండి నిక్షేపంలా ఉంది, రిపేరు బిల్లు కూడా ఉంది. అయినా తయారు కాలేదంటారేమిటి? బండికి పట్టుచీర కట్టాలా?"

తరవాత తెలిసిందేమిటంటే, 2000 నుంచి వచ్చిన పెట్రోలు కార్లకి అక్కడ ఒకే ఒక్క మానిటరుకి మినహాయింపు ఉంది, పెట్రోలు ఆవిరిని చూసేదానికి. మిగతావన్నీ తయారై ఉండాల్సిందే. 2019 జూలై నుంచి ఇంకో మెలిక కూడా పెట్టారు. కొత్త బళ్ళలో స్కానరుతో చెరిపినా చెరగని శాశ్వత సంకేతాలుంటాయి. లోపం నిజంగా పోయిందని బండికే నమ్మకం కుదిరితే తప్ప అవి పోవు. చెరిపాక 200 మైళ్ళు తిరిగి, పదిహేనుసార్లు ఇంజను చల్లారి వేడెక్కితేనే వాటిని మన్నించి వదిలేస్తారు.

మరి తయారు చెయ్యడం ఎలా? మంత్రం లేదు, మామూలుగా నడపడమే. కాని అన్నిరకాలుగా నడపాలి. రాత్రంతా బండిని కదపకుండా చల్లారనివ్వాలి. పొద్దున్నే స్టార్టు చేసి రెండుమూడు నిమిషాలు ఊరికే ఉంచాలి. ఊళ్ళో కాసేపు ఆగుతూ పోతూ తిప్పాలి. తరవాత పెద్దరోడ్డెక్కి వేగం మార్చకుండా పదీ పదిహేను నిమిషాలు పోవాలి. అప్పుడే కన్వర్టరు మానిటరు మేలుకుంటుంది. డబ్బాకి ముందొక ఆక్సిజన్ సెన్సారు, వెనకొక సెన్సారు ఉంటాయి, చారులో తిరగమోతకి ముందూ తరవాతా రుచి చూసినట్టు. రెండిటికీ ఒకే రుచి తగిలితే డబ్బా పనిచెయ్యడం లేదన్నమాట. తరవాత బ్రేకు తొక్కకుండా కాలు తీసేసి, బండిని దానంతటదే నెమ్మదించనివ్వాలి. ఆవిరి మానిటరయితే మహా నిష్ఠాపరురాలు. ట్యాంకు నిండుగా ఉండకూడదు, అడుగంటకూడదు, రాత్రి విశ్రాంతి తప్పనిసరి. అర మిల్లీమీటరు బెజ్జాన్ని కూడా పట్టాలి కదా మరి. పెట్రోలు మూత సరిగ్గా బిగించకపోయినా తప్పే రాస్తుంది.

మా పిల్ల ఆఫీసు ఇంటికి రెండు మైళ్ళు. ఇంజను వేడెక్కేలోపలే చేరిపోతుంది. అలా ఎన్నాళ్ళు తిప్పినా మానిటర్లు తయారు కావు. ఆదివారం పొద్దున్నే మొగుణ్ణి నిద్రలేపి, ఇద్దరూ పెద్దరోడ్డు మీద గంటసేపు, మళ్ళీ బుధవారం ఒకసారి, ఇలా పదిరోజులు తిరిగారు. "పెళ్ళయ్యాక ఇంతసేపు కబుర్లు చెప్పుకున్నది ఇదే, పిన్నీ" అంది. బండి పాసయింది. ఆవిరి మానిటరు మాత్రం అప్పటికీ తయారు కాలేదట.

అంత కంప్యూటరూ పెట్టాక మోసం పోయిందా అంటే, పెద్దవాళ్ళు పెద్ద ఎత్తున చేశారు. 2015 సెప్టెంబరులో బయటపడిన వోక్స్‌వాగన్ భాగోతం గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు పరీక్ష జరుగుతోందని కారే కనిపెట్టి, అంతసేపూ సాధువులా ఉండి, రోడ్డెక్కగానే విషం కక్కేలా లోపలి కంప్యూటరుకి నేర్పారు. పట్టుకున్నది వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఒక చిన్న బృందం. అందులో మన దేశం నుంచి వెళ్ళి చదువుకున్న కుర్రాళ్ళున్నారు. వాళ్ళు చేసిన ఘనకార్యమల్లా కొలిచే యంత్రాన్ని కారు వెనక సర్దుకుని రోడ్లమీద తిరగడం. ఇక్కడ కూడా ఆ కంపెనీ మూడు లక్షల పైచిలుకు కార్లని వెనక్కి పిలవాల్సివచ్చింది. ఆ తరవాతనే మన దేశంలోనూ 2023 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్ళకి గదిలోనే కాక రోడ్డు మీద కూడా పరీక్ష తప్పనిసరి అయింది.

మన కార్లకి ఓబీడీ మొదటి అంచె 2010లో, రెండో అంచె 2013లో వచ్చాయి. దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి బీఎస్ 4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6. ఇప్పుడు స్కూటర్లకి కూడా పసుపు దీపం ఉంది. వైరాలో రింగురోడ్డు సెంటరు దగ్గర కాసేపు నిలబడండి, ఖమ్మం నుంచి వచ్చేవీ, తల్లాడ మీదుగా కొత్తగూడెం పోయేవీ, మధిర పోయేవీ, ప్రతి పదింటిలో ఎన్నో ఆ దీపం ఉన్న బళ్ళే. కాని మన పొల్యూషన్ బండివాడు చూసేది ప్రధానంగా గొట్టంలోంచి వచ్చేదాన్నే. మానిటర్లు తయారా అని అడగడం మన దగ్గర ఇంకా అలవాటు కాలేదు. ఇంట్లోనే క్లాసు మానిటరు కూచుని అన్నీ రాస్తుంటే, పంతులమ్మ బోర్డువైపు తిరిగి చూడకుండా, పిల్లల మొహాలు చూసి మార్కులు వేసి వెళ్ళిపోతోందన్నమాట.

ఆ దీపాన్ని మన ఇళ్ళలో ఏం చేస్తారో కూడా చెప్పాలి. మా పక్కింటావిడ చిన్నకారులో అది వెలిగి వారమయింది. రాత్రిపూట కళ్ళల్లో పడుతోందని దాని మీద ఒక స్టిక్కరు బొట్టు అంటించింది. మొన్న కారు షెడ్డుకి తీసుకెళుతూ నన్నూ తోడు రమ్మంది. మెకానిక్ కుర్రాడు బొట్టు ఊడదీసి, స్కానరు తగిలించి, సెన్సారుకి పోయే తీగ ఎలుక కొరికిందని తేల్చి, సరిచేసి, దీపం ఆర్పాడు.

"తమ్ముడూ, ఇటునుంచిటే పొల్యూషన్ కాగితం కూడా తెచ్చుకోవచ్చా?" అంది.

"తెచ్చుకోవచ్చమ్మా, వాళ్ళు పొగే చూస్తరు. కాని నేను చేసిన పని సరిగా కుదిరిందో లేదో బండే చెప్పాలంటే ఓ నాలుగు రోజులు తిప్పాలి. ఊళ్ళో కాదు, లాంగు పోవాలి."

"శ్రీరామనవమికి భద్రాచలం పోతున్నాం. అది చాలుతుందా?"

"వంద కిలోమీటర్లు పోను, వంద రాను, బ్రహ్మాండంగా చాలుద్దమ్మా. జూలూరుపాడు దాటినాక అడవి రోడ్డు ఖాళీగనే ఉంటది. సారుని ఒక్క లెక్కన పోనిమ్మనండి, ఊరికే బ్రేకు తొక్కొద్దని చెప్పండి."

"ఆ మాట నువ్వే చెప్పు నాయనా, నేను చెబితే ఇంకా గట్టిగా తొక్కుతారు."